కార్బొనటైట్ ఖనిజ నిక్షేపాలు

సగానికి పైగా కార్బొనేట్ ఖనిజాలే ఉండే అగ్నిశిలను కార్బొనటైట్ అంటారు. దీని మూలం భూప్రావారంలో ఉంటుంది. దీని శిలాద్రవం చాలా పలుచన, సన్నని పగుళ్లలోకీ చొచ్చుకుపోతుంది. చల్లబడేటప్పుడు తొలి స్ఫటికాల్లో ఇమడని అరుదైన మృత్తికా లోహాలు మిగులు ద్రవంలో పోగుపడతాయి. నయోబియం పైరోక్లోర్ అనే ఖనిజంలో చేరుతుంది. చివర్లో వెలువడే వేడి ద్రవాలు చుట్టుపక్కల రాతినీ మార్చివేసి, కొత్త ఖనిజాలను నింపుతాయి. గుజరాత్‌లోని అంబా డొంగర్ ఫ్లోరైట్ నిక్షేపం ఇలా ఏర్పడిందే.

రాతిపై పలుచని ఆమ్లం చుక్క వేస్తే కాల్సైట్ బుసబుసా పొంగుతుంది. పాలరాయీ అలాగే పొంగుతుంది కనుక ఆ పరీక్ష చాలదు. స్ట్రాన్షియం, అరుదైన మృత్తికల మోతాదు చూడాలి. పాలరాయి కూడా ఉండే తూర్పు కనుమల్లో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

ఆ కనుమల్లోని కోరాపుట్‌లో ఉన్నది నెఫెలిన్ సయనైట్‌తో కూడిన క్షార శిలా సముదాయం. కార్బొనటైట్లు తరచు ఇలాంటి శిలల తోడుగానే కనిపిస్తాయి. రాయగడ జిల్లాలోని మునిగుడ దగ్గరి నియమగిరి బాక్సైట్ వేరే తరహా: ఖోండలైట్ శిల వానలకు, వేడికి శిథిలమై, సిలికా కొట్టుకుపోగా అల్యూమినియం మిగిలింది. బ్రెజిల్‌లోని అరషాలో కార్బొనటైట్‌పై ఇలాంటి శైథిల్యమే నయోబియాన్ని సాంద్రపరచింది.