మోటుపల్లి రేవు – అభయ శాసనం

రాయచూరు కోట గోడలో నలభై అడుగులు మించిన రాతిపై 1294 నాటి తెలుగు శాసనం ఉంది. చంద్రబండ వంటి సరిహద్దు గ్రామాల వారు ఆ కోటను ఎరుగనివారు కారు. దానిని నిర్మింపజేసిన గోరె గన్నయరెడ్డి కాకతీయుల కొలువువాడు. ఆ కాకతీయ రాజ్యానికే తూర్పున సముద్ర ద్వారంగా వెలసినది మోటుపల్లి. నేడది బాపట్ల జిల్లాలో ఒక తీరగ్రామం.

ఒక దేశం నుండి మరొక దేశానికి పోవుచు తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వరాజులు బలవంతంగా హరించేవారు. ప్రాణాలు దక్కిన వర్తకునికి సరుకు దక్కేది కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో ఈ ఆచారాన్ని విడనాడాడు. ప్రాణం కంటె ధనమే మిన్న అని సముద్రయానానికి తెగించిన వారిపై దయతో, నిర్ణీత సుంకం తప్ప మరేమీ గ్రహింపమని శిలాశాసనం వేయించాడు. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పయింట ఒక వంతు. దయ అన్నది శాసనంలోని మాటే. అయితే భయంలేని రేవుకే ఓడలు చేరునన్న రాజనీతి కూడ ఇందులో లేకపోలేదు.

చందనం, చీనా కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టునూలు, మిరియాలు, పోకలు ఇందులో పేర్కొన్న సరుకులు. వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఈ ప్రాంతాన్ని ‘ముట్‌ఫిలి’ అని పేర్కొని, ఇక్కడి వజ్రాలను, సాలెగూడు వంటి సన్నని వస్త్రాలను ప్రశంసించాడు.

కాకతీయుల పతనానంతరం 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి మోటుపల్లిలోనే మరొక శాసనంతో వర్తకులకు మరల అభయమిచ్చాడు.