షరతుల తర్కానువాదం: జహీరాబాదు భూరికార్డుల నేపథ్యంలో ఎస్.క్యూ.ఎల్. చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒక డేటాబేస్ వ్యవస్థకోసం రాసిన క్వెరీలను మరొక వ్యవస్థకు తరలించేటప్పుడు పట్టికల పేర్లు, గడుల పేర్లు పెద్దగా ఇబ్బంది పెట్టవు. ‘ఇలా అయితే ఇది, కాకపోతే అది’ అని చెప్పే షరతులే ఇబ్బంది పెడతాయి. ఈ షరతుల వ్యక్తీకరణ ఎస్.క్యూ.ఎల్. చరిత్రలో ఎలా రూపొందిందో, తరలింపులో ఎక్కడ అర్థం జారిపోతుందో జహీరాబాదు ప్రాంత భూరికార్డుల స్వభావాన్ని ఉదాహరణగా తీసుకుని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశ్యం.

కీలకపదాలు: చేదర్థకం, షరతు, ఎస్.క్యూ.ఎల్., కేస్, డీకోడ్, నల్, పహాణీ, గుంట, ఫసలీ, జహీరాబాదు.

1. ఉపోద్ఘాతం:
నేటి సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలో ఒక తాలూకా. ఆ సంవత్సరపు రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం నిర్ణా సర్కిల్ మినహా జహీరాబాదు తాలూకాను, బీదరు తాలూకాలోని న్యాల్కల్ సర్కిల్‌ను, నారాయణఖేడ్ తాలూకాను మెదకు జిల్లాకు చేర్చింది. ‘నిర్ణా సర్కిల్ మినహా’ అన్న ఆ చిన్న మాట గమనించదగ్గది. ఒక్క మినహాయింపు ఒకే తాలూకా గ్రామాలను రెండు రాష్ట్రాల రికార్డులలోకి పంపింది. చట్టం షరతును ఎంత పొదుపుగా చెబుతుందో, దాని ఫలితం ఎంత విస్తృతమో ఇక్కడ తెలుస్తుంది. కంప్యూటరు క్వెరీలోని షరతు స్వభావం కూడా ఇదే.

తెలుగుశాఖకు చెందిన పరిశోధకులకు ఈ విషయంతో ఏమి పని అన్న ప్రశ్న సహజం. షరతు ముందుగా వ్యాకరణ విషయం. ఆ తరువాతే అది యంత్ర విషయం.

2. చేదర్థకం:
చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) షరతును తెలిపే క్రియారూపాన్ని చేదర్థకంగా గుర్తించింది. గ్రాంథికంలో ‘వచ్చిన’ అన్న రూపం విశేషణం, ‘వచ్చినన్’ అన్నది చేదర్థకం. ద్రుతం ఒక్కటే భేదం. ఆ నకారం లోపించిన ప్రతిలో ‘వస్తే’ అన్న అర్థాన్ని సందర్భాన్ని బట్టే ఊహించుకోవాలి. పాఠపరిష్కర్తలకు ఇది పరిచితమైన చిక్కే. చట్టాల తెలుగులో ‘అయిన యెడల’, ‘లేని యెడల’ అన్న ప్రయోగాలు నిలిచిపోవడానికి ఈ సందిగ్ధతకు తావివ్వకపోవడం కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

3. ఎస్.క్యూ.ఎల్.లో షరతు రూపపరిణామం:
ఐ.బి.ఎం. పరిశోధకుడు ఇ.ఎఫ్. కాడ్ 1970లో సంబంధాత్మక నమూనాను ప్రతిపాదించాడు. దాని ఆధారంగా డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో ‘సీక్వెల్’ అనే ప్రశ్నభాషను ప్రకటించారు. అదే తరువాత ఎస్.క్యూ.ఎల్. అయింది. ఏ వరుసలు కావాలో ఎంచుకునే షరతు ‘వేర్’ రూపంలో మొదటినుంచీ ఉంది. ఎంచుకున్న వరుసలో ఏ విలువ చూపాలో నిర్ణయించే షరతుకు మాత్రం 1986 నాటి తొలి ప్రమాణంలో కూడా చోటు లేదు. ఆ ఖాళీని ఎవరి పద్ధతిలో వారు నింపుకున్నారు. ఒరాకిల్‌లో ‘డీకోడ్’, మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ‘ఐ.ఐ.ఎఫ్.’, మై ఎస్.క్యూ.ఎల్.లో ‘ఇఫ్’ వచ్చాయి. 1992 ప్రమాణం ‘కేస్’ను ప్రవేశపెట్టింది గాని, అప్పటికే రాసిన డీకోడ్ క్వెరీలు చెరిగిపోలేదు. ఇవి మాండలికాలే. ప్రామాణిక భాష ఏర్పడినంత మాత్రాన మాండలికాలు మాయం కావని భాషాచరిత్ర చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

పేరు ఒకటే అయి అర్థం వేరైన సందర్భాలు మరీ ప్రమాదకరం. ‘ఈజ్‌నల్’ అన్న ప్రమేయం ఎస్.క్యూ.ఎల్. సర్వర్‌లో రెండు విలువలు తీసుకుని, మొదటిది లేకపోతే రెండవది ఇస్తుంది. మై ఎస్.క్యూ.ఎల్.లో ఒక్క విలువనే తీసుకుని, అది లేదా ఉందా అన్నది మాత్రమే చెబుతుంది. సంస్కృతంనుంచి తెలుగులోకి వచ్చి అర్థం మారిన తత్సమాలను ఇది గుర్తుకు తెస్తుంది.

4. ఖాళీగడి ఏమి చెబుతుంది?
ఈ చర్చలో అసలు ముడి ఇదే. ఎస్.క్యూ.ఎల్.లో ‘నల్’ అంటే సున్న కాదు, ‘లేదు’ అనీ కాదు, ‘తెలియదు’ అని. తెలియనిదాన్ని తెలియనిదానితో పోలిస్తే ఫలితం కూడా తెలియదు. అందుచేత ఇక్కడి తర్కానికి అవును, కాదు, తెలియదు అని మూడు విలువలు. ‘వేర్’ అవును అన్న వరుసనే తీసుకుంటుంది. పట్టికకు పెట్టిన ‘చెక్’ నిబంధన కాదు అన్న వరుసనే తిరస్కరిస్తుంది. అంటే ‘తెలియదు’ ఒకచోట బయట నిలిచిపోతుంది, మరొకచోట దర్జాగా లోపలికి వస్తుంది.

పహాణీలో పట్టాదారు, అనుభవదారు అని వేర్వేరు గడులుండేవి. ఊహకు ఒక క్వెరీ తీసుకుందాం: ‘అనుభవదారు గడి ఖాళీగా ఉంటే పట్టాదారు పేరు చూపు, లేకపోతే ఉన్న పేరే చూపు.’ ఒరాకిల్ డీకోడ్‌తో దీన్ని రాయవచ్చు. రెండు నల్‌లను సమానంగా భావించడం డీకోడ్ ప్రత్యేకత. దీన్ని పోస్ట్‌గ్రెస్‌కు తరలించే వ్యక్తి ‘కేస్ అనుభవదారు వెన్ నల్ దెన్ పట్టాదారు ఎల్స్ అనుభవదారు ఎండ్’ అని మాటకు మాటగా మార్చాడనుకుందాం. వాక్యం చక్కగా నడుస్తుంది, దోషసూచన ఏదీ రాదు. కాని ‘వెన్ నల్’ ఎన్నటికీ నిజం కాదు. కాబట్టి ఎల్స్ భాగం పనిచేసి ఖాళీగడి ఖాళీగానే వస్తుంది. ‘కేస్ వెన్ అనుభవదారు ఈజ్ నల్’ అని రాయడం సరైన అనువాదం.

అప్పటికీ పని పూర్తికాదు. ఒరాకిల్ ఖాళీ అక్షరమాలను కూడా నల్‌గానే చూస్తుంది. పోస్ట్‌గ్రెస్, ఎస్.క్యూ.ఎల్. సర్వర్ అలా చూడవు. టెక్స్ట్ ఫైలు ద్వారా దింపేటప్పుడు పాత నల్ ఖాళీ అక్షరమాలగా మారితే, దిద్దిన షరతు కూడా దాన్ని పట్టుకోలేదు. ముందు ఖాళీలను కత్తిరించి, ‘నల్ఇఫ్’తో ఖాళీ అక్షరమాలను నల్‌గా మార్చి, ఆ తరువాత ‘కోయలెస్’తో పట్టాదారు పేరు తీసుకోవాలి.

ఇంతకూ పాత కాగితంలో ఖాళీగడికి అర్థమేమిటి? సాగుదారు ఎవరూ లేరనా, పట్టాదారే సాగుచేస్తున్నాడనా, గ్రామాధికారి రాయలేదనా? 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుల హక్కు ప్రశ్న వచ్చినప్పుడు ఈ మూడింటి మధ్య భేదం ఒక కుటుంబానికి భూమి ఉండడం, ఉండకపోవడం అవుతుంది. ఖాళీ ఉంటే పట్టాదారు అన్న షరతు, పైకి సాంకేతికంగా కనిపించినా, ఒక పక్షానికి తీర్పు చెప్పడమే. దాన్ని ప్రోగ్రామరుకు వదలకూడదు.

ఉర్దూ రికార్డులలో పై వరుసలోని మాటనే సూచించే ‘ఐజన్’ మరో చిక్కు. కాగితంలో వరుసలకు క్రమం ఉంది. కాడ్ చెప్పిన పట్టికలో వరుసలకు క్రమం లేదు. క్రమం పోయిన మరుక్షణం ‘ఐజన్’ ఎవరిని సూచిస్తుందో చెప్పడం అసాధ్యం. ఎక్కించకముందే దాన్ని విడమర్చి రాయాలి.

5. గుంటలు, సెంట్లు:
తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, ఆంధ్ర ప్రాంతంలో ఎకరానికి 100 సెంట్లు. 2.20 అన్న అంకె జహీరాబాదు రైతుకు రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. అదే గుంటూరులో రెండెకరాల ఇరవై సెంట్లు. దశాంశ సంఖ్యగా కూడితే తప్పు వెంటనే బయటపడుతుంది: 2.20, 1.30 కలిస్తే యంత్రానికి 3.50. గుంటల లెక్కలో అది నాలుగెకరాల పది గుంటలు. చుక్క తరువాత 40గాని అంతకు మించిగాని ఉంటే అది గుంట కాదని షరతు పెట్టి పసిగట్టవచ్చు. 40కి లోపు ఉన్నదాన్ని అంకెను చూసి తేల్చలేం. ప్రాంతాన్ని తెలిపే గడి ఉండాలి.

గుంటలను వేరు గడిలో ఉంచి 20ని 40తో భాగిస్తే సరిపోతుందనిపిస్తుంది. ఒరాకిల్, మై ఎస్.క్యూ.ఎల్. అర అని చెబుతాయి. పూర్ణాంకాలైతే పోస్ట్‌గ్రెస్, ఎస్.క్యూ.ఎల్. సర్వర్ సున్న అంటాయి. అదే క్వెరీ, అదే దత్తాంశం, అర ఎకరం, అనగా 2,420 చదరపు గజాలు, చప్పుడు లేకుండా మాయం. 40కి బదులు 40.0 అని రాస్తే చాలు. ఇంత చిన్న దిద్దుబాటుకు ఇంత పెద్ద విలువ ఉండడం పాఠపరిష్కరణ చేసినవారికి ఆశ్చర్యం కలిగించదు.

6. ఫసలీ కాలగణన, అనుభవదారు గడి:
హైదరాబాదు భూమిశిస్తు చట్టం 1317 ఫసలీ నాటిది, అంటే 1907-08. నిజాం పాలనలోని ఫసలీ సంవత్సరం అక్టోబరులో ఆజుర్ మాసంతో మొదలయ్యేది. కాబట్టి డిసెంబరు చివరివరకు 590, ఆపైన 591 కలపాలి. నేటి రెవెన్యూ ఫసలీ జూలై 1న మొదలవుతుంది. ఆగస్టు నెల పత్రానికి పాత లెక్క ప్రకారం 591, కొత్త లెక్క ప్రకారం 590. ఒకే సంఖ్యను అన్ని వరుసలకూ కలిపే క్వెరీ, కౌలు ఏ సంవత్సరంలో మొదలైందన్న వివాదంలో, ఒక ఏడాది తేడా తెస్తుంది. ఇక్కడ షరతులో నెలతోపాటు పత్రం ఏ పాలనాకాలానిదో కూడా చేరాలి.

1954-55 ఖాస్రా పహాణీ మొదలుకొని చేతిరాత పహాణీలు, 2017లో మొదలైన రికార్డుల నవీకరణ, 2020 అక్టోబరులో ధరణి, 2025లో భూభారతి అని జహీరాబాదు రికార్డు పలు వ్యవస్థలు దాటింది. ధరణిలో అనుభవదారు గడి లేదు. పైన చెప్పిన షరతులన్నీ గడి ఉండి అందులో విలువ లేని సందర్భానివి. గడే లేకపోవడం అంతకన్నా భిన్నమైన స్థితి. ఆ గడిని తిరిగి చేర్చితే, మధ్య సంవత్సరాల వరుసలన్నింటిలోనూ నల్ కనిపిస్తుంది. ‘సాగుదారు తెలియలేదు’ అన్న పాత ఖాళీకి, ‘ఎవరూ అడగలేదు’ అన్న కొత్త ఖాళీకి యంత్రం దృష్టిలో భేదం ఉండదు. ఆ భేదాన్ని నిలపాలంటే ఏ వరుస ఏ వ్యవస్థనుంచి, ఏ సంవత్సరంలో వచ్చిందో చెప్పే మరో గడి తరలింపునాడే చేర్చి ఉండాలి.