గొట్టంలోని మసి

ప్లాటినం జూబిలీ సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయవలసిందని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, రాజవంశాల జోలికి పోకుండా, మన పాఠశాల ఆటస్థలంలో నేను మొదటిసారి చూచిన ఒక చిన్న పనిని గురించి వ్రాయాలనిపించింది. ఎన్.సి.సి. గురిశిక్షణ ముగిసిన సాయంత్రాలలో మా హవల్దారు ఉస్తాదుగారు పొయ్యి రాజేయించి, నీళ్ళు సలసల మరిగించి, గరాటు పెట్టి రైఫిలు గొట్టంలో పోయించేవారు. ఇనుముకు నీరు శత్రువని ఇంట్లో విని పెరిగిన మాకు అది వింతగా ఉండేది. "ముందు నీళ్ళు, తరువాతే నూనె" అనేవారాయన. ఎందుకని అడిగే ధైర్యం మాకెవరికీ లేకపోయింది. ఆ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పోతే 1857 దాకా వెళ్ళవలసి వస్తుందని చాలా ఏళ్ళకు గాని నాకు తెలియలేదు.

పూర్వకాలపు తుపాకులు మూతి వైపు నుండి మందు కూరేవి. మన పల్లెల్లో నాటు తుపాకి అనేది ఆ జాతిదే. ఆ మందులో సురేకారం నూటికి 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకం 10. ఈ మందు మండినప్పుడు అంతా పొగై పోదు. బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. కొంత పొగలో కలిసి వెలుపలికి పోగా, తక్కినది గొట్టం లోపలి గోడలకు పట్టుకుంటుంది. చూపుకు మసి, నిజానికి అందులో ఎక్కువ భాగం పొటాషియం లవణాలు. అవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. రాత్రి శుభ్రం చేయక గోడకు ఆనించిన తుపాకి తెల్లవారేసరికి లోపల తుప్పు పట్టడానికి కారణమిదే. ఉప్పు నీటిలో కరుగుతుంది, నూనెలో కరగదు. మసిమీద నూనె పూస్తే ఉప్పును లోపల దాచిపెట్టినట్టే. నీళ్ళు మరిగినవైతే మరొక లాభం: గొట్టం వేడెక్కి, మిగిలిన తడి తనంతట తానే ఆరిపోతుంది. మా ఉస్తాదుగారి రైఫిలులో ఈ మందు లేకపోయినా, ఆ కాలపు తూటాల నిప్పుటోపీలో మండే రసాయనం అటువంటి ఉప్పునే వదిలేది. కాబట్టి పాత వైద్యమే పనికివచ్చింది.

కడగడం ఒక క్రమం. మొదట నిప్పుటోపీ తొడిగే మొనను ఊడదీయాలి. గొట్టంలో నీరు పోసి, మూతిని బొటనవ్రేలితో మూసి ఆడించి, నల్లని నీటిని పారబోయాలి. కడ్డీ చివర నారపీచు గాని గుడ్డపేలిక గాని చుట్టి పైకీ క్రిందికీ తోమాలి. తెల్లనీరు వచ్చేదాకా ఇది సాగవలసిందే. అటుపై పొడిగుడ్డలు ఒకదాని వెంట ఒకటి, చివర పలుచగా నూనె. నూనె ఎక్కువైతే మరునాడు మందు తడిసి పేలదు. యుద్ధభూమిలో దీనికి తీరిక ఎక్కడిది? అక్కడే చిక్కంతా వచ్చింది.

ఇంగ్లీషువారి పాత మస్కెటు గొట్టం వ్యాసం 0.75 అంగుళం, గుండు వ్యాసం సుమారు 0.69. నడుమ అంగుళంలో పదహారో వంతు సందు. మసి పేరుకున్నా గుండు జారిపోయేది, అయితే గురి అంతంతమాత్రమే. గొట్టంలో మెలిక గాళ్ళు తీసి గుండును బిగువుగా దిగగొడితే గురి కుదురుతుంది గాని, నింపడం కష్టం. 1800లో వచ్చిన బేకరు రైఫిలుకు మొదట్లో చెక్కసుత్తులు కూడా ఇచ్చారంటే ఆ శ్రమ ఊహించుకోవచ్చు.

ఈ రెంటినీ కలిపినది 1853 నాటి ఎన్‌ఫీల్డు. గొట్టం 0.577 అంగుళం, మూడు గాళ్ళు, గుండు 0.568. సందు అంగుళంలో వందో వంతు కూడా లేదు. కాలినప్పుడు సీసం విప్పారి గాళ్ళను పట్టుకునేది. ఇంత ఇరుకులో మసి పేరుకుంటే రెండో డజను గుళ్ళు దిగవు. అందుకని తూటా కాగితానికి గుండు ఉన్న చోట కొవ్వు పూశారు. ప్రతి గుండూ ముందరి గుండు వదలిన మసిని మెత్తబరచి, తుడుచుకుంటూ పోవాలని వారి ఆలోచన. మసి తుడిచే ఉపాయమే తూటాలో చేరిందన్నమాట. యంత్రశాస్త్రంగా అది తెలివైన ఏర్పాటేనని ఒప్పుకోక తప్పదు. ఆ కొవ్వు ఏ పశువుదో విచారించకపోవడమే దాని పాపం.

తూటాను పళ్ళతో కొరికి తెరవడం సిపాయిలకు కొత్త కాదు. పాత మస్కెటుకూ అదే పద్ధతి. పైగా కొరికేది మందు ఉన్న కొస, కొవ్వు ఉన్నది రెండో కొస. అయినా నోటి దగ్గరకు వచ్చే కాగితానికి ఆవు కొవ్వో పంది కొవ్వో అంటిందన్న అనుమానం పుడితే, ఆ కొస ఈ కొస అన్న లెక్క ఎవరికి కావాలి? 1857 జనవరిలో డమ్‌డమ్‌లో ఈ మాట పొక్కింది. సిపాయిలే తమకిష్టమైన కొవ్వు పూసుకోవచ్చునని, కొరకకుండా చేతితో చించవచ్చునని సర్కారు సడలించింది గాని, నమ్మకం అప్పటికే చెడింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడ్డాడు. ఏప్రిల్ 24న మీరట్‌లో 90 మందిలో 85 మంది రౌతులు తూటాలు ముట్టమన్నారు. మే 10న అక్కడ తిరుగుబాటు రేగింది. దానికి రాజ్యాల ఆక్రమణ, భూమిశిస్తు వంటి కారణాలు అనేకం. మసి ఒక్కటే కారణమనడం అతిశయోక్తి అవుతుంది.

ఇక్కడ మనవారికి సంబంధించిన సంగతి ఒకటున్నది. ఆనాటి ఢిల్లీవాసులు ఈ సిపాయిలను 'తిలంగాలు' అన్నారు. ప్లాసీ యుద్ధం నాటికి క్లైవు మద్రాసు నుండి వంగదేశానికి తీసుకుపోయిన సిపాయిలలో తెలుగువారుండడంతో ఆ పేరు పుట్టి, ఉత్తరాదిన సిపాయికే పర్యాయపదమైంది. నూరేళ్ళ తరువాత ఆ పేరు మోసినవారు ఎక్కువగా అవధ్, బీహారు సీమలవారు, తెలుగు ముక్క తెలియనివారు. మాట పోయినా పేరు మిగలడం ఇంటికి దూరంగా స్థిరపడిన మనవంటి వారికి కొంత ఆలోచన కలిగిస్తుంది. అసలు తెలుగు సిపాయిలు చాలామంది ఉన్న మద్రాసు సైన్యం మాత్రం 1857లో చాలవరకు కదలలేదు.

తిరుగుబాటు అణగిన తరువాత జరిగినది మరీ విచిత్రం. గొట్టం మసితో గుండు దిగక అవస్థపడిన అనుభవంతో గుండు వ్యాసాన్ని 0.55కు తగ్గించారు. భారతీయ సిపాయిలకు మాత్రం ఎన్‌ఫీల్డు ఆకారంలోనే, గాళ్ళు లేని 0.656 అంగుళాల నున్నని గొట్టం తుపాకి చేయించి ఇచ్చారు. కడగడం సులువే, కాని దూరపు గురి లేదు. ఆ తేడా తమ చేతిలోని తుపాకి గొట్టంలోనే ఉన్నదని ప్రతి సాయంత్రం దానిని తోమిన సిపాయికి తెలియకుండా ఉంటుందా? 1860ల నడుమ స్నైడరు పద్ధతి వచ్చి వెనుక నుండి తూటా పెట్టడం మొదలైనాక, గొట్టాన్ని వెలుతురుకు పట్టి ఈ చివరి నుండి ఆ చివరికి చూడడం వీలయింది.

మన రాష్ట్రంలోనే కొడగు సీమలో ఏటా సెప్టెంబరు నెల మొదట్లో కైల్‌పోళ్దు పండుగ వస్తుంది. వరినాట్ల పని ముగిసిన ఆ రోజున కొడవలు తుపాకులను, కత్తులను శుభ్రం చేసి, అడవినాభి పువ్వుతో అలంకరించి పూజిస్తారు. 1861 నుండి వారికి ఆయుధ చట్టం లైసెన్సు నిబంధన నుండి మినహాయింపు ఉన్నది. ఆ పువ్వును వారు తోకు పువ్వు అంటారు. తోకు అంటే వారి భాషలో తుపాకి.