పాదబలము

ఏతము త్రొక్కి నీరు తోడిన మన రైతులు కాలిబలము చేతిబలముకంటె నధికమని చిరకాలమునుండి యెఱుగుదురు. ఆ బలమునకు దేశాంతరములందు గలిగిన రెండు గతులు తలపోయదగినవి.

1818 ప్రాంతమున ఇంగ్లండులో విలియం క్యూబిట్ అను ఇంజనీరు చెఱసాలలకు మెట్లచక్రమును కల్పించెను. ఖైదీలు గంటలకొలది మెట్లెక్కుచుందురు. చక్రము క్రిందికి దిగుచుండును. కొన్నిచోట్ల పిండి విసరిరి. కొన్నిచోట్ల ఊరక గాలినే త్రిప్పిరి. 1898 నాటి చట్టము పిదప నవి మూలబడెను.

ఆస్ట్రేలియా లోతట్టు ప్రాంతమున ఇంటికిని ఇంటికిని అనేక మైళ్ల యెడము. 1928లో క్లాంకరీయందు విమానవైద్యము వెలసెను; కాని తంతియు విద్యుత్తును లేనిచోట వైద్యుని పిలుచుటెట్లు? బ్యాటరీలు మిక్కిలి బరువు. చేతితో త్రిప్పు యంత్రమైనచో త్రిప్పుట కొకరు, సంకేతము కొట్టుట కొకరు కావలెను. ఆల్‌ఫ్రెడ్ ట్రేగర్ సైకిలు పెడళ్లను జనరేటరునకు తగిలించెను. కూర్చుండి త్రొక్కిన సుమారు 20 వాట్ల శక్తి పుట్టును. చేతులు ఖాళీగా నుండును. 1929లో అగస్టస్ డౌన్స్ అను పశుక్షేత్రమున నొక యంత్రము నెలకొల్పబడెను. మోర్సు సంకేతములు నేర్చుట కష్టమగుటచే, అక్షరము నొక్కినంతనే సంకేతము పుట్టు మీటలపలకను గూడ నాతడు పిమ్మట సమకూర్చెను. బిడ్డకు జబ్బుచేసినచో ఇల్లాలే కాళ్లతో శక్తి పుట్టించి, చేతులతో వైద్యుని పిలువగలిగెను.

రెండుచోట్లను త్రొక్కినది మనుష్యపాదమే. కాయకష్టమే నీచమని తలచువారు దీనిని గమనింతురు గాక! ఎవరి యిచ్ఛచే, ఏ ప్రయోజనమునకై త్రొక్కుచున్నామనుదానినిబట్టియే శ్రమ దండనయో రక్షణయో యగుచున్నది.