వేడెక్కి ఆగిపోయే ల్యాప్‌టాప్ వెనక 80 ఏళ్ళ చరిత్ర



పోస్టు కొంచెం పెద్దదే. తీరిక చూసుకుని చివరిదాకా చదవండి.

పోయిన మే నెలలో రాజమండ్రిలో రూములో కూర్చుని స్కాలర్‌షిప్ ఫారం నింపుతున్నాను. ఆఖరి రోజు. సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేస్తుంటే ల్యాప్‌టాప్ ఫ్యాను ఒక్కసారిగా గోల పెట్టింది. కింద చెయ్యి పెడితే కాలిపోతోంది. స్క్రీను మీద బాణం అక్కడే నిలబడిపోయింది. ఏ కీ నొక్కినా కదల్లేదు. అది సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, నాన్న జీడిపిక్కలు అమ్మిన డబ్బుతో కొన్నది. మర్నాడు ఒక షాపుకి తీసుకెళ్తే, మూత కూడా తియ్యకుండా "మదర్‌బోర్డు పోయింది తమ్ముడూ, కొత్తది కొనుక్కో" అన్నాడు.

ఆ రాత్రి నాకు వచ్చిన ఆలోచన చెప్తాను. "మనలాంటోళ్ళకి ఇలాంటివి అచ్చిరావులే" అనుకున్నాను. మనలో చాలామంది ఇలాగే అనుకుంటారు. ఫారం అందక ఒక ఏడాది పోయినా తప్పు మనదే అనుకుని ఊరుకుంటారు. తర్వాత మా హాస్టల్ సీనియర్ అన్న ఒకాయన చిన్న స్క్రూడ్రైవరుతో దాన్ని విప్పాడు. గాలి బయటికి పోయే దారిలో దుమ్ము దూది పలకలా పేరుకుపోయి ఉంది. అది తీసేశాక ల్యాప్‌టాప్ మామూలుగా పనిచేసింది. ఈ పోస్టు కూడా దాని మీదే రాస్తున్నాను.

అప్పటి నుంచి ఈ వేడి సంగతి ఏంటో చదవడం మొదలుపెట్టాను. తెలిసిందేంటంటే, కంప్యూటరు పుట్టిన రోజు నుంచి దాన్ని తయారు చేసిన వాళ్ళందరూ వేడితోనే కొట్లాడారు.

1946 ఫిబ్రవరిలో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఎనియాక్ అనే యంత్రాన్ని లోకానికి చూపించారు. దాదాపు 30 టన్నుల బరువు. లోపల సుమారు 18 వేల వాక్యూమ్ ట్యూబులు. ట్యూబు అంటే పాత రేడియోల్లో బల్బులా వెలిగే గాజు గొట్టం. ఆ యంత్రం 150 కిలోవాట్ల కరెంటు తాగేది. ఒక్క గదిలో 150 ఇస్త్రీ పెట్టెలు ఒకేసారి ఆన్ చేసి పెట్టామనుకోండి, అంత వేడి. అందుకే పెద్ద పెద్ద ఫ్యాన్లతో గాలి తోలేవారు. ఎక్కడైనా వేడి హద్దు దాటితే కరెంటు దానంతటదే ఆగిపోయేలా థర్మోస్టాట్లు పెట్టారు. అంటే వేడెక్కితే ఆగిపోవడం అనేది మొదటి తరం కంప్యూటర్లలోనే కావాలని పెట్టిన కాపలా.

ఎందుకింత వేడి? కంప్యూటరు లోపలికి వెళ్ళిన కరెంటు దాదాపు మొత్తం చివరికి వేడిగా మారుతుంది. మోటారులో అయితే కొంత శక్తి నీళ్ళు తోడటానికి పోతుంది. కంప్యూటరు లెక్క చేస్తుంది గానీ బరువు మొయ్యదు. ఆ వేడి బయటికి పోవడానికి దారి ఉండాలి. దారి మూసుకుపోతే యంత్రం ఆగుతుంది. 80 ఏళ్ళ చరిత్రంతా ఆ దారి వెతుకులాటే.

మన దేశంలో ఈ కథ మొదలైన చోట మన గోదావరి మనిషి ఒకాయన ఉన్నారు. పశ్చిమ గోదావరిలో భీమవరం దగ్గర మొగల్లు అనే ఊరుంది. ఆ పేరు మనకి కొత్త కాదు. అది అల్లూరి సీతారామరాజు గారి పూర్వీకుల ఊరు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీదికి ఆయనతో కలిసి నడిచింది గాం గంటన్న దొర, మల్లు దొర లాంటి మన పెద్దలే. అదే మొగల్లులో 1914లో అయ్యగారి సాంబశివరావు పుట్టారు. లోకానికి ఆయన ఎ.ఎస్.రావు. హైదరాబాదులో ఏఎస్ రావు నగర్ ఉంది కదా, అది ఆయన పేరే.

ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో, తర్వాత అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో చదివారు. తిరిగొచ్చి హోమీ భాభా దగ్గర చేరారు. 1956లో ట్రాంబేలో మొదలైన అప్సర రియాక్టరుకి కంట్రోలు పరికరాలు ఇక్కడే తయారు చేసిన బృందాన్ని నడిపించింది ఆయనే. 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ పెట్టినప్పుడు దాని పగ్గాలు ఆయన చేతికే ఇచ్చారు. ఇప్పుడు మనం ఓటేసే ఈవీఎంలు తయారు చేసే రెండు సంస్థల్లో ఒకటి అదే. ట్రాంబేలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 అనే కంప్యూటరు 1969లో వచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. ఆ తర్వాత 1970లలో టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. అన్నీ ఈసీఐఎల్ పేరుతో బయటికొచ్చినవే.

అంతకు ముందు బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు కట్టిన టిఫ్రాక్ అనే కంప్యూటరు 1960లో పనిలోకి వచ్చింది. దానిలో దాదాపు 2,700 ట్యూబులు. టీడీసీల కాలానికి ట్యూబులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చేశాయి. ట్రాన్సిస్టరుని 1947లో అమెరికాలో కనిపెట్టారు. మొదట్లో వాటిని జెర్మేనియంతో చేసేవారు. అవి 75 డిగ్రీల దరిదాపుల్లోకి వచ్చేసరికి సరిగా పనిచేసేవి కావు. 1954లో సిలికాన్ ట్రాన్సిస్టరు మార్కెట్లోకి వచ్చింది, అది ఎక్కువ వేడి తట్టుకుంది. ఈ రోజు లోకమంతా సిలికాన్ మీద నడవడానికి ఉన్న కారణాల్లో వేడి ఒకటి.

ఆ తర్వాత అన్నీ ఒకే చిప్పులోకి కుదించడం మొదలైంది. 1971లో ఇంటెల్ తెచ్చిన 4004 చిప్పులో 2,300 ట్రాన్సిస్టర్లు. 1993 నాటి పెంటియంలో 31 లక్షలు. చోటు గోరంత, వేడి కొండంత. చిప్పు మీద ఫ్యాను పెట్టడం మామూలైపోయింది. 1985లో వచ్చిన క్రే-2 సూపర్ కంప్యూటరునైతే ఏకంగా కరెంటు పారని ఒక ద్రవంలో ముంచి చల్లబరిచారు.

2004లో జరిగింది మనం బాగా గుర్తుపెట్టుకోవాలి. ఇంటెల్ కంపెనీ 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెస్తానని చెప్పి, ఆ ఏడాది అక్టోబరులో మానుకుంది. వేగం పెంచేకొద్దీ వేడి అదుపులో ఉండలేదు. ఒకే బుర్రని ఇంకా వేగంగా పరిగెత్తించడం మానేసి, చిప్పులో రెండు, నాలుగు బుర్రలు పెట్టడం మొదలెట్టారు. మన ల్యాప్‌టాప్ మీద "డ్యూయల్ కోర్", "క్వాడ్ కోర్" అని రాసి ఉంటది కదా, ఆ మాట వెనక ఉన్న కథ ఇదే. ప్రపంచంలో అంత పెద్ద కంపెనీయే వేడి ముందు ఆగి దారి మార్చుకుంది. మన ల్యాప్‌టాప్ ఆగితే మనం సిగ్గుపడాలా?

ఇప్పుడు ల్యాప్‌టాప్ లోపలికి వద్దాం. చిప్పు మీద ఒక రాగి గొట్టం ఉంటుంది, హీట్ పైప్ అంటారు. 1963లో లాస్ అలమోస్ లాబొరేటరీలో జార్జ్ గ్రోవర్ దీన్ని తయారు చేశారు. లోపల కొద్దిగా నీరు లాంటి ద్రవం. వేడి తగిలిన చివర అది ఆవిరవుతుంది, చల్లని చివర మళ్ళీ ద్రవమై వెనక్కి వస్తుంది. మట్టి కుండలో నీళ్ళు చల్లబడటానికీ ఇదే మూలం, ఆవిరి తనతో వేడిని పట్టుకుపోద్ది. గొట్టం ఆ చివర సన్నటి రేకులు, పక్కన ఫ్యాను. ఆ రేకుల మధ్యే దుమ్ము చేరేది. ధవళేశ్వరం కింద కాలువల్ని ఎండాకాలంలో కట్టేసి పూడిక తీస్తారు చూడండి, లేకపోతే చివరి పొలానికి నీరందదు. ఇదీ అంతే.

చిప్పు వేడి సుమారు 100 డిగ్రీలకి చేరితే అదే తన వేగం తగ్గించుకుంటుంది. ఇంకా పెరిగితే ఆరిపోతుంది. డిసెంబరులో మారేడుమిల్లిలో రూము 20 డిగ్రీలుంటే చిప్పుకి 80 డిగ్రీల వెసులుబాటు. మేలో రాజమండ్రిలో 42 ఉంటే 58 మాత్రమే. ఊళ్ళో బాగా పనిచేసిన ల్యాప్‌టాప్ ఇక్కడ హ్యాంగ్ అవ్వడానికి కారణం ఇదే.

మరి మనం ఏం చెయ్యాలి?

ఒకటి. పరుపు, దుప్పటి, ఒళ్ళో దిండు మీద పెట్టొద్దు. గాలి పీల్చే రంధ్రాలు చాలావాటికి కిందే ఉంటాయి. బల్ల మీద పెట్టి, వెనక రెండు మూలల కింద రెండు సీసా మూతలు పెట్టినా తేడా తెలుస్తుంది.

రెండు. వేడిగా ఉండి ఫ్యాను గోల పెడుతుంటే గాలి దారి మూసుకుపోయినట్టు. వేడిగా ఉండి ఫ్యాను చప్పుడే లేకపోతే ఫ్యాను పోయినట్టు. చల్లగా ఉన్నా హ్యాంగ్ అవుతుంటే అది వేడి సమస్య కాదు, హార్డ్ డిస్కో ర్యామో చూపించాలి. షాపుకి వెళ్ళేముందే ఈ మూడింటిలో ఏదో తేల్చుకోండి. అప్పుడు "మదర్‌బోర్డు పోయింది" అనే మాట ఊరికే నమ్మరు.

మూడు. టాస్క్ మేనేజరు తెరిచి ఏ ప్రోగ్రాము ప్రాసెసరుని ఎక్కువ తింటుందో చూడండి. అక్కర్లేనివి ఆపేయండి. బ్రౌజరులో 30 ట్యాబులు తెరిచి పెట్టకండి.

నాలుగు. విప్పేటప్పుడు పూర్తిగా ఆఫ్ చేసి, ఛార్జరు తీసేసి, మూత తీశాక ముందు బ్యాటరీ వైరు ఊడదీయండి. ఫ్యాను రెక్క తిరక్కుండా పుల్లతో ఆపి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము తియ్యండి. రాగి గొట్టం విప్పితే పాత థర్మల్ పేస్టు తుడిచేసి బియ్యపు గింజంత కొత్తది పెట్టాలి. మొదటిసారి తెలిసిన వాళ్ళని పక్కన పెట్టుకుని చెయ్యండి.

ఐదు. బ్యాటరీ ఉబ్బి, కీబోర్డు పైకి లేచినట్టు కనిపిస్తే ఇక వాడొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు, పొడవొద్దు. నిప్పంటుకునే ప్రమాదం ఉంది. వెంటనే మార్పించండి.

ఆరు. ఫారాలకి ఆఖరి రోజు దాకా ఆగకండి. ఇది నాకు నేను కూడా చెప్పుకుంటున్నాను. ఆ రోజు పక్క రూము తమ్ముడి ఫోనులో పూర్తి చేశాను కాబట్టి సరిపోయింది.

ఒకే ఊరి మూలాలున్న ఇద్దరిలో ఒకాయన మన కొండలకొచ్చి మనోళ్ళతో కలిసి పోరాడారు. ఇంకొకాయన కంప్యూటర్ల పనిలోకి వెళ్ళారు. మొదటి ఆయన్ని మనం దేవుడిలా తలుచుకుంటాం. రెండో ఆయన చేసిన పని కూడా మనది కావాలి. మూత విప్పితే లోపల ఉండేది దుమ్ము, ఫ్యాను, రాగి గొట్టం. మనకి రానిదేమీ అక్కడ లేదు.

ఈ సెలవుల్లో హాస్టల్లో ఉండేవాళ్ళు ఎవరికైనా ఇలా ఆగిపోతుంటే చెప్పండి. స్క్రూడ్రైవరు సెట్టు నా దగ్గర ఉంది, కూర్చుని కలిసి విప్పుదాం.

జై ఆదివాసీ.