పురుగుమందుల నిరోధకత (ఉత్తరాంధ్ర పండ్లతోటలు)

పురుగుమందుల నిరోధకత అంటే, ఒకప్పుడు చీడను చంపిన మోతాదుకు తరవాతి తరాలు చావకుండా చేసే వంశపారంపర్య మార్పు. మందు ఈ గుణాన్ని పుట్టించదు. మందలో ముందే ఉన్న, తట్టుకోగల కొద్ది పురుగులను మిగిల్చి వాటి సంతతిని పెంచుతుంది. దీనికి తొలి శాస్త్రీయ నమోదు పండ్లతోటదే: అమెరికాలో శాన్‌హోజే పొలుసు పురుగు సున్నం-గంధకం ద్రావణాన్ని తట్టుకోవడంపై 1914లో ఎ.ఎల్. మెలాండర్ ప్రచురించిన పత్రం. కోస్తా ఆంధ్రలో 1987-88లో పత్తి శనగపచ్చ పురుగు సింథటిక్ పైరెత్రాయిడ్ మందులకు లొంగలేదు.

విజయనగరం మామిడిలో తేనెమంచు పురుగు, శ్రీకాకుళం ఉద్దానం జీడితోటల్లో టీ దోమ ప్రధాన చీడలు. తేనెమంచు పురుగు పూతకాడల్లో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు రసం పీల్చి విసర్జించే జిగట మీద మసి తెగులు పెరుగుతుంది. పూత లేని కాలంలో పెద్ద పురుగులు బెరడు పగుళ్లలో దాగుతాయి. పూతకాలంలో పదే పదే ఒకే తరహా మందు కొట్టడం నిరోధకతకు అనువైన ఎంపిక ఒత్తిడి.

ఎంజైములు మందును విచ్ఛిన్నం చేయడం, నాడీకణాల్లో అది అతుక్కునే చోటు మారడం నిరోధకత కలిగే ముఖ్య మార్గాలు. డీడీటీ, పైరెత్రాయిడ్లు నాడుల్లోని ఒకే సోడియం ద్వారాలపై పనిచేస్తాయి కనుక ఒకదానికి అలవడిన నిరోధకత రెండోదానికీ వర్తించవచ్చు. ఇమిడాక్లోప్రిడ్ తరవాత థయామెథాక్సామ్ చల్లడం పేరు మార్పే, రెండూ నియోనికోటినాయిడ్ తరగతి మందులే. విస్తృత ప్రభావ మందులు జీడిచెట్లపై టీ దోమను వేటాడే, ఆకుగూళ్లు కట్టే ఎర్రచీమలనూ చంపుతాయి. చీడ ఉధృతి చూసి చల్లడం, పనిచేసే తీరు వేరైన మందులను మార్చడం, కొమ్మలు కత్తిరించి గాలి, వెలుతురు రానివ్వడం నివారణ పద్ధతులు.