పెడన: రేవు వెనుక ఊరు

మచిలీపట్నంలో డచ్చివారు 1605లో, ఆంగ్లేయులు 1611లో వర్తక స్థావరాలు ఏర్పరచుకొన్నారని మీకు తెలుసు. వారిని ఇక్కడికి రప్పించిన సరకుల్లో అద్దకపు బట్టలు ముఖ్యమైనవి. భారతదేశపు అద్దకాల పోటీకి తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ 1700లో వాటిపై నిషేధ చట్టాలు చేశాయి. కంపెనీల చిట్టాలు ఇదంతా వివరంగానే చెబుతాయి. అయితే ఆ బట్టకు పేరు ఇచ్చింది రేవు. అద్దిన చేతుల సంగతి తెలుసుకోవాలంటే మీరు చిట్టాలు పక్కన పెట్టి, పని జరిగే తీరును చూడాలి.

గుడివాడ నుంచి బందరు వెళ్ళే రైలు దారిలో పెడన వస్తుంది. మగ్గాలూ అద్దకాలూ ఉన్న చిన్న పట్టణం. ఈ పనిని కలంకారీ అంటారు గాని, ఇక్కడ కలం వాడకం తక్కువ. కలంతో గీసేది శ్రీకాళహస్తిలో. పెడనలో టేకు చెక్కపై చెక్కిన అచ్చులతో అద్దుతారు. పేరు చూసి పొరబడేవారిలో చదువుకున్నవారే ఎక్కువ!

ముందుగా బట్టను కరక్కాయ కషాయంలో, పాలలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన ద్రావణంతో నలుపు అద్దుతారు. ఎరుపు కావలసిన చోట పటిక అద్దుతారు. అప్పటికి అక్కడ ఎరుపు కనిపించదు. వేర్ల రంగుతో రాగి గుండిగలో ఉడికించినప్పుడు పటిక తగిలిన చోటే రంగు పట్టుకొంటుంది. పూర్వం ఇందుకు చిరివేరు వాడేవారు.

ఉడికించే ముందు బట్టను పారే నీటిలో ఉతకాలి. నిలవనీటిలో ఉతికితే ఊడిన పటిక మరో చోట అంటుకొని మరక అవుతుంది. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయింది. ఆ కాలువల్ని మనం వరి చరిత్రలో మాత్రమే చదువుతాం. అద్దకందారుకూ అవి పనిముట్టే. వేసవిలో కాలువలు కట్టేస్తే రైతుతోపాటు అతనికీ ఇబ్బందే.

ఇప్పుడు రసాయన రంగుల స్క్రీన్ ప్రింటింగు ఇదే నమూనాను తక్కువ సమయంలో, తక్కువ ధరకు దించుతోంది. అంగడిలో రెండూ కలంకారీ పేరుతోనే అమ్ముడవుతాయి. చేత్తో అద్దేవాడికి నష్టం ముఖ్యంగా ఇక్కడే జరుగుతున్నదని నా అభిప్రాయం.

మీ ఇంట్లో కలంకారీ దుప్పటి ఉంటే, అంచు వెంట ఒక అచ్చు ముగిసి మరొకటి మొదలయ్యే చోటు చూడండి. చేతి అద్దకమైతే అక్కడక్కడ గీత గీతకు సరిగా కలవదు.